మూతి కట్టిన సంచి

ఆ ఉదయం ఇల్లాలి ఆలోచన సులువైనదే. పాలు పితికి, ఆవును కడిగి, బేరగాడు రాగానే తాడు అతని చేతిలో పెట్టడం. ఇంట్లో ఎండు మొక్కజొన్న చొప్ప తప్ప వేరే మేత లేదు. ఆవు దాన్ని మూతితో నెట్టేసి, పక్కటెముకలు బయటపెట్టుకుని నిలబడుతోంది. తినని ఆవును ఎన్నాళ్ళని కట్టేసుకుంటాం? అయితే ఆమెను ఆవు కన్నా మొగుడి వాలకమే ఎక్కువ పీకుతోంది. పాకలోకి వెళితే లోపల గడియ. బయటికొస్తే ఒంటినిండా పుల్లటి వాసన.

"ఏమండీ, డబ్బాలో బెల్లమేదీ?"

"చీమలు పట్టినట్టున్నాయి."

"చీమలు డబ్బా కడిగి బోర్లించి కూడా వెళ్ళాయా?"

ఆయన తాగుడు మానేసి చాలా ఏళ్ళయింది. మళ్ళీ మొదలుపెట్టాడనీ, ఈసారి సొంతంగానే సారా కాస్తున్నాడనీ ఆమెకు ఖాయమైపోయింది. తలుపు సందులోంచి తొంగి చూసింది. ఆయన పెద్ద ప్లాస్టిక్ సంచి మూతి విప్పి, వాసన చూసి, "బాగా పులిసింది" అని మురిసిపోయి, మళ్ళీ బిగించి కట్టి, దాన్ని ప్రేమగా తట్టాడు. పెళ్ళయ్యాక తననెప్పుడూ అలా తట్టలేదు. వెంటనే కానిస్టేబులైన తన తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడు మోటారుసైకిలు దిగి, సంచి దగ్గర ముక్కు ఎగబీల్చాడు. "అనుమానం లేదక్కా. సరుకే."

"సరుకేంట్రా, చొప్ప!" ఆయన అడ్డుపడ్డాడు. "సన్నగా నరికి, బెల్లం నీళ్ళు చల్లి, పశువుల డాక్టరిచ్చిన ఎంజైముల పొడి కలిపి గాలి తగలకుండా పులియబెట్టా. పీచు మెత్తబడుతుంది, ఆవు తింటుంది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"పోయినసారి నేనేదో కలిపి పెడితే ఆవు పారుకుంది. కనబడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వావు. ఇది తిన్నాకే చెబుదామనుకున్నా. దాన్ని అమ్మకే!"

"ప్రతివాడూ డాక్టరు పేరే చెబుతాడు బావా."

"విప్పి చూపిస్తా."

"సాక్ష్యం మీద చెయ్యి వెయ్యకు!" తమ్ముడు సంచిని బండి వెనక కట్టి, బావను స్టేషనుకు నడవమన్నాడు.

అప్పుడే బేరగాడు వచ్చి ఆవు తాడు అందుకున్నాడు. ఆవు ఆ పుల్లటి వాసన పీల్చి, కదిలిన బండి వెనక పరుగందుకుంది. తాడు వదలని బేరగాడు దాని వెనక. అతని వెనక మొగుడు. "నా పరువు పోయింది" అంటూ ఇల్లాలు. వీధి గుమ్మాలన్నీ జనంతో నిండాయి.

స్టేషను ముందు బండి ఆగీ ఆగకముందే ఆవు సంచిని కొమ్ముతో చీల్చింది. తల దూర్చి, నమిలి, చివరికి ప్లాస్టిక్‌కు అంటిన పొట్టు కూడా నాకింది. ఇల్లాలు నోరు తెరిచి చూసింది.

"తిండి తినదన్నారుగా!" అన్నాడు బేరగాడు. "ధర పెంచుతానమ్మా."

"ఇంకేం బేరం! అమ్మడం లేదు," అని ఆమె అతని చేతిలోంచి తాడు లాక్కుంది. మొగుడి వైపు తిరిగి, "ఇంకో సంచి పెట్టండి. బెల్లం నేనే తెస్తా," అంది.

"అక్కా, మరి నా సాక్ష్యం?"

"కాసేపు ఆగరా, అదే బయటికొస్తుంది."

సారా పట్టుకున్నానని పై అధికారికి ముందే ఫోన్‌లో చెప్పేసిన తమ్ముడు, ఆ పూటంతా తట్ట పట్టుకుని ఆవు వెనకే నిలబడ్డాడు.