కెమెరాకు కనిపించిన వాగు

పర్యావరణ శాఖ మంత్రిగారు మా వాగును కాపాడి తీరతామని మునిసిపల్ హాల్లో ప్రకటించారు. కాపాడటమంటే చాలాకాలం పట్టే పని కాబట్టి, ఈలోగా దాని మీద ఒక సినిమా తీస్తామని కూడా అదే మైకులో ప్రకటించారు. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నేనూ కొట్టాను, చప్పుడు రాకుండా.

"పర్యావరణం, సమాజం, కుటుంబం! మూడూ ఒకే టికెట్టు మీద!" అన్నారు మంత్రిగారు.

కథ ఆయనదే. ఇంటి నుంచి హాలుకు వచ్చేలోపు కారులో రాశారట. ట్రాఫిక్ లేకపోవడం వల్ల క్లైమాక్సు మిగిలిపోయిందట. అంత పెద్దాయన తన లోటు తనే చెప్పుకునేసరికి జనం కరిగిపోయారు. అన్నదమ్ములిద్దరు వాగుకు చెరో ఒడ్డున ఉంటారు. మాటల్లేవు. ఈలోగా వాగు పాడైపోతుంది. దాన్ని బాగుచేస్తూ చేస్తూ వాళ్లు కలిసిపోతారు. ఇదీ కథ.

మా ఇల్లు ఆ వాగు ఒడ్డునే. ముందు గది లాండ్రీ, వెనక గదిలో మేం. హాస్పిటల్ దుప్పట్లు అమ్మ ఉతుకుతుంది, నాన్న ఇస్త్రీ చేస్తాడు. వాగు నీళ్లే మోటారుతో తోడుకుంటాం. పై మలుపులో మంత్రిగారి బావమరిదిగారి అద్దకం ఫ్యాక్టరీ ఉంది. చాలా క్రమశిక్షణ గల ఫ్యాక్టరీ. సోమవారం నీలం, మంగళవారం ఆకుపచ్చ, గురువారం ఎరుపు, శుక్రవారం పసుపు. మా వీధిలో ఎవరూ క్యాలెండరు కొనరు. వాగులోకి తొంగిచూసి, "అప్పుడే గురువారం వచ్చేసిందా" అనుకుంటారు.

హాస్పిటల్ పెద్ద నర్సుకు మాత్రం ఈ సౌకర్యం నచ్చలేదు.

"తెల్ల దుప్పటి ఇస్తే గులాబీది తెస్తావేంటమ్మా? నిన్న ఆపరేషనయినాయన కళ్లు తెరిచి, ఒంటి మీద దుప్పటి చూసుకుని మళ్లీ స్పృహ తప్పాడు. నెలాఖరులోపు తెల్లగా రాకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం. నన్నేం అనుకోవద్దు."

అమ్మ ఆమెను ఏమీ అనుకోలేదు. వాగును తనిఖీ చేయించమని నాలుగో అర్జీ పెట్టింది. అర్జీలు రాసేది నేనే. నలుగురిలో నాకు నోరు పెగలదు, కాగితం దొరికితే మాత్రం బాగానే మాట్లాడతాను.

మంత్రిగారి పీఏ ఆ అర్జీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే. ఎవరు రాశారమ్మా?"

"మా పిల్లే సారూ. మాట్లాడదు గానీ రాస్తుంది. మరి వాగు సంగతి..."

"మాట్లాడదా?" పీఏ ముఖం వెలిగింది. "సినిమాకు సరిగ్గా ఇలాంటి మనిషే కావాలి!"

అలా నేను కంటిన్యుటీ రాసేదాన్నయ్యాను. సినిమాను వరసగా తీయరు. చివరిది ముందు తీస్తారు, మొదటిది తర్వాత తీస్తారు. అందుకని ప్రతి షాట్లో ఏది ఎలా ఉందో రిజిస్టర్లో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. గాజులు ఏ చేతికి ఎన్ని, బిందెలో నీళ్లు ఎంతవరకు, తమ్ముడి చొక్కాకు ఎన్నో గుండీ ఊడింది. అంతకుముందు ఈ పని చేసినవాడు కథ రోజుకు రెండుసార్లు మారడం చూసి, చెప్పాపెట్టకుండా మాయమయ్యాడట.

కథా చర్చలో కూడా ఒక మూల కూర్చుని రాసుకున్నాను.

"సార్, చిన్న డౌటు," అన్నాడు డైరెక్టరు. "వాగును పాడుచేసేది ఎవరు?"

"మనిషిలోని స్వార్థం," అన్నారు మంత్రిగారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"అద్భుతం సార్. కానీ స్వార్థాన్ని కెమెరాకు చూపించాలి కదా. వాగులోకి ఒక పైపు పెడదామా?"

బావమరిదిగారి కుర్చీ కిర్రుమంది.

"పైపు వద్దు," అన్నారు మంత్రిగారు. "ఇది ఫ్యామిలీ సినిమా. పైపులూ గీపులూ చూడటానికి ఆడవాళ్లు ఇష్టపడరు."

"బావా, ఒడ్డున దుప్పట్లు ఉతుకుతుంటారు చూడు," అన్నారు బావమరిదిగారు. "ఆ సబ్బు నురగంతా ఎక్కడికి పోతుందంటావ్?"

గదిలో అందరూ ఆయన వైపు గౌరవంగా చూశారు. రంగుల్లో పుట్టి పెరిగిన మనిషికి నురగ గురించి కూడా అంత లోతైన అవగాహన ఉండటం గొప్ప విషయమే.

మర్నాడు పీఏ మా ఇంటికి వచ్చి అమ్మతో అన్నాడు: "నువ్వు నటించాలమ్మా. లాండ్రీ ఆవిడ వేషం. నువ్వు లాండ్రీ ఆవిడవే కాబట్టి కష్టమేం లేదు."

"ఏం చెయ్యాలి సారూ?"

"ఏమీ లేదు. వాగును నేనే పాడుచేశానని ఏడుస్తావు, ఇక జన్మలో దుప్పటి ఉతకనని ప్రమాణం చేస్తావు, చివర్లో తేట నీళ్లు చూసి నవ్వుతావు. అంతే."

"నేను పాడుచెయ్యలేదు కదా బాబూ!"

"నటనమ్మా ఇది! ఇంకో సంగతి, కాలుష్యం ఇన్‌స్పెక్టరు గారు కూడా నటిస్తున్నారు. వాగు దగ్గరికి ఆయన వచ్చినట్టూ ఉంటుంది, నీ అర్జీ కదిలినట్టూ ఉంటుంది."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "చూద్దాం," అన్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఆ మాటే అన్నాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

షూటింగు గురువారం పెట్టుకున్నారు. వాగు ఎర్రగా ఉంది. స్క్రిప్టులో తేటగా ఉంది. ఫ్యాక్టరీని ఒక్కరోజు ఆపమని అడిగే ధైర్యం చేసినవాడు డైరెక్టరొక్కడే. "వందమంది కార్మికుల పొట్ట కొట్టమంటావా?" అని మంత్రిగారు గద్గద స్వరంతో అడిగేసరికి అతను సిగ్గుపడి తల దించుకున్నాడు. సామాజిక స్పృహ అంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది.

పైన ఒకటి, కింద ఒకటి ఇసుక బస్తాల కట్టలు వేసి, ఎర్ర నీళ్లను పక్క కాలవలోకి మళ్లించారు. మధ్యలో నలభై అడుగుల వాగు మిగిలింది. దాంట్లోకి మా వీధికి రావాల్సిన మంచినీళ్ల ట్యాంకర్లు మూడు వదిలారు. గులకరాళ్లు కడిగి పరిచారు. ప్లాస్టిక్ సంచుల్లో అక్వేరియం చేపలు వచ్చాయి. వీధిలో ఎవరికీ తాగడానికి చుక్క లేకపోయినా అందరూ గట్టు మీద నిలబడి గర్వంగా చూశారు.

"అవి మన నీళ్లేనే," అంది పక్కింటి పిన్ని, పక్కనున్నావిడ భుజం తట్టి. "ఎంత బాగా పడుతున్నాయో చూడు కెమెరాలో!"

నేను రిజిస్టర్లో మొదటి లైను రాశాను: వాగు: తేట. ట్యాంకరు నీళ్లు.

డైరెక్టరు చూసి రెండో మాట కొట్టేశాడు. "పాపా, కెమెరాకు కనిపించిందే రాయాలి. ట్యాంకరు కనిపిస్తోందా?"

లేదన్నట్టు తల ఊపాను.

"మరి? కనిపించనిది కంటిన్యుటీ కాదు."

ఆ తర్వాత నేను ఒక్క తప్పు కూడా చేయలేదు. వాగు: తేట. అడుగున గులకరాళ్లు స్పష్టం. చేపలు: పదకొండు, ఆరోగ్యంగా. ఇన్‌స్పెక్టరు గారు: కుడిచేతిలో సీసా, ముఖంలో సంతృప్తి. ప్రతి పేజీ కింద తేదీ, నా సంతకం.

అమ్మ ఏడుపు మొదటి టేకులోనే ఓకే అయింది. "నేనే పాడుచేశాను, నా చేతులతో నేనే పాడుచేశాను," అని అమ్మ అంటుంటే మంత్రిగారు చేతిరుమాలు తీశారు. ఆ చేతుల మీద అప్పటికి ఆరేళ్ల రంగులున్నాయి. మేకప్ వాళ్లు చాలాసేపు తుడిచినా పోకపోతే పౌడరు రాశారు.

నవ్వు దగ్గరే చిక్కొచ్చింది. ఐదు టేకులయ్యాయి, ఏడయ్యాయి.

"అమ్మా, వాగు బాగైపోయింది! నవ్వవేంటి?"

"బాగైతే నవ్వుతాను బాబూ. ఇది ట్యాంకరే కదా."

"ట్యాంకరని నీకు తెలీదమ్మా!"

"నేనే కదయ్యా, వాటికి దారి వదలమని జనాన్ని జరిపింది!"

తొమ్మిదో టేకు తర్వాత డైరెక్టరు విసిగిపోయి, అమ్మ వెనక్కి తిరిగి నిలబడి ఉంటే నవ్వుతో భుజాలు కదిలినట్టు తీసుకున్నాడు. లైట్లు సర్దుకునే మధ్య విరామంలో అమ్మ చప్పుడు చేయకుండా ఆరు హాస్పిటల్ దుప్పట్లు ఆ నీళ్లలో జాడించుకుంది. తీగ మీద ఆరేస్తే కళ్లు జిగేల్మన్నాయి. అన్నదమ్ములు కౌగిలించుకునే సీను వెనక అవి ఎంత అందంగా ఎగిరాయో! డైరెక్టరు అది తన ఐడియా అని తర్వాత ఇంటర్వ్యూలో చెప్పాడు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు నా దగ్గరికి వచ్చి రిజిస్టరు తిరగేశారు. ఆయన వేలు ప్రతి లైను మీదా నడిచింది.

"స్థలంలోనే ఉండి, గంట గంటకీ రాశావా? నువ్వొక్కదానివే?"

తల ఊపాను.

"మా ఆఫీసులో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఇంత శ్రద్ధగా ఒక్కరూ రాయలేదమ్మా. ఒక ప్రతి ఇస్తావా, మావాళ్లకు చూపిస్తాను?"

నా చెవులు వేడెక్కిపోయాయి. నా జీవితంలో ఒక ఆఫీసరు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నేనే వెళ్లి జిరాక్సు తీయించి ఇచ్చాను.

మర్నాడు బస్తాలు తీసేశారు. వాగు పసుపు రంగులో తన దారిన తాను పోయింది.

సినిమా విడుదలైంది. పత్రికలు మెచ్చుకున్నాయి. ప్రభుత్వం ఉత్తమ పర్యావరణ కుటుంబ చిత్రంగా ఎంపిక చేసింది. ఎంపిక సంఘానికి అధ్యక్షులు మంత్రిగారే కావడంతో నిర్ణయంలో ఎక్కడా జాప్యం జరగలేదు. బహుమతి అందుకుంటూ, "ఇది నాది కాదు, ఆ వాగుది," అని ఇంటికి తీసుకెళ్లారు.

మా ఆరు తెల్ల దుప్పట్లు చూసి పెద్ద నర్సు కూడా మెత్తబడింది. "ఇలాగే తీసుకురా, వచ్చే ఏడాదికి కూడా నీకే," అంది. అందుకే ఆఫీసు నుంచి కవరు వచ్చిన రోజు అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"కదిలిందే మన అర్జీ! చదువు, చదువు, గట్టిగా చదువు!"

గట్టిగా చదవడం నాకు చేతకాదు. వీలైనంత గట్టిగా చదివాను.

"మీ నాలుగు అర్జీలపై విచారణ ముగిసినది. ఇన్‌స్పెక్టరు స్వయంగా స్థలమును దర్శించిరి. గురువారం నాడు వాగు తేటగానూ, అడుగున గులకరాళ్లు స్పష్టముగానూ, చేపలు పదకొండు ఆరోగ్యముగానూ ఉన్నట్లు స్థలములోనే నమోదైన రిజిస్టరు వలన రుజువైనది. ప్రతి జతపరచడమైనది. గతంలో వాగును పాడుచేసినవారు తప్పు ఒప్పుకుని, ఇకపై దుప్పట్లు ఉతకబోనని ప్రజల ఎదుట ప్రమాణం చేసియున్నారు. సదరు ప్రమాణమును గౌరవించవలసినదిగా హాస్పిటల్ వారికి వ్రాయడమైనది."

నాన్న ఇస్త్రీపెట్టె పైకెత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చూద్దాం అని కూడా అనలేదు.

అమ్మ నా చేతిలోంచి రెండో కాగితం తీసుకుంది. అమ్మకు చదవడం రాదు, నా సంతకం మాత్రం గుర్తుపడుతుంది.

"ఇది నీదేనా?"

"నాదే."

అమ్మ కాసేపు దాన్ని చూసింది. తర్వాత నవ్వింది. మెల్లగా మొదలై, గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని, పక్కింటి పిన్ని గుమ్మంలోకి వచ్చి చూసేంత నవ్వు నవ్వింది. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని, నా ముందు ఒక తెల్లకాగితం పెట్టింది.

"ఐదోది రాయి."

తేదీ వేశాను. కిటికీలోంచి చూసి, కనిపించిందే రాశాను.

శుక్రవారం. వాగు: పసుపు. తీగ: ఖాళీ. అమ్మ: నవ్వు, మొదటి టేకులోనే.