పడవకు పదిహేడు పేర్ల రాయి

దేశంలోనే మొట్టమొదటి 'అటవీ హరిత జల అంబులెన్స్'ను శనివారం జాతికి అంకితం చేస్తున్నట్టు మంత్రిగారు భద్రాచలంలో ప్రకటించారు. తను చేసుకున్న పడవ జాతిదని పగిడయ్యకు ఆ ప్రకటన విన్నాకే తెలిసింది.

వాగు పొంగితే పడవ తోసే గెడకు అడుగు అందదు. కూతురు శ్రావణికి తొమ్మిదో నెల, దవాఖానా చూస్తే అవతలి ఒడ్డున. అందుకని పగిడయ్య పలకలతో పడవ కట్టాడు. పాల్వంచ పాతసామాన్ల కొట్లో బ్యాటరీ ఆటో మోటారు కొని, రేకు కత్తిరించి రెక్కలు చేసి వెనక బిగించాడు. పడవ చప్పుడు లేకుండా ఎదురునీటికి వెళ్లింది. ఎవరో వీడియో తీసి ఫోన్లో పెట్టారు. అక్కడొక వాగు ఉందని ప్రభుత్వానికి అప్పుడు తెలిసింది.

మంత్రిగారి పీఏ రవికుమార్ కార్యదీక్ష గురించి ఎంత చెప్పినా తక్కువే. శుక్రవారమే వచ్చి పడవ చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"శిలాఫలకం ఏడ పెడ్తం?"

"పడవకు రాయేంది సారూ?"

"రాయి లేకుంటే ప్రారంభం ఎట్లయితది పగిడయ్యా? ప్రోటోకాల్!"

ప్రోటోకాల్ ప్రకారం పదిహేడు పేర్లుండాలి. అన్ని పేర్లు పట్టే నల్లరాయి ట్రాక్టర్లో వచ్చింది. పడవలో నిలబెట్టి బోల్టులు బిగించేసరికి నీళ్లు అంచుదాకా వచ్చాయి.

"మునుగుతది సారూ. బరువు తియ్యాలె."

రవికుమార్ దీర్ఘంగా ఆలోచించాడు. "మోటారు, బ్యాటరీ తియ్యి. వాటిమీద ఎవరి పేర్లూ లేవు గద."

శనివారం సభ దివ్యంగా జరిగింది. బ్యాటరీని మైకుకు తగిలించారు. మోటారుకు దండేసి వేదిక మీద కూర్చోబెట్టారు. నడుంలోతు నీళ్లలో ఇద్దరు మనుషులు పడవను వెనకనుంచి తోస్తుంటే, మంత్రిగారు ఒడ్డునే నిలబడి పొంగిపోయారు.

"చూసిన్రా, జర్రంత చప్పుడన్నా వస్తుందా? గిదీ టెక్నాలజీ!"

వెళ్తూ వెళ్తూ రవికుమార్ పగిడయ్య భుజం తట్టాడు. "రాయి ముట్టుకున్నవంటే కేసైతది."

ఆదివారం పొద్దున్నే శ్రావణికి నొప్పులొచ్చాయి. వాగు రాత్రికి రాత్రే పెరిగింది.

"నాయినా, ఇగ నాతోని కాదే!"

పగిడయ్యకు కేసు గుర్తొచ్చింది. భయమేసింది. అంతకు పదింతలు కోపం వచ్చింది. పానాతో బోల్టులు విప్పి రాయిని ఒడ్డున బురదలోకి దొర్లించాడు. ఇంకా విప్పని వేదిక మీదనుంచి మోటారు, బ్యాటరీ తెచ్చి బిగించాడు. శ్రావణి కాలు జారకుండా పదిహేడు పేర్ల మీద అడుగేసి పడవెక్కింది. ఉపన్యాసాలకు పోగా మిగిలిన చార్జింగు తక్కువే. నడివాగులో మోటారు మూలిగింది గానీ ఆగలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

సోమవారం రవికుమార్ జీపు వచ్చింది. బురదలో వెల్లకిలా పడున్న రాయిని అతను చాలాసేపు చూశాడు.

"గిది తొక్కుకుంట పడవెక్కుతున్నరా?"

"అవ్ సారూ. తప్పైంది."

రవికుమార్ నాలుగు వైపులనుంచి ఫొటోలు తీసి ఫోన్ చేశాడు. "సార్, పడవల రేవు పని గూడ పూర్తయింది సార్."

ఫోన్ పెట్టేసి పగిడయ్య వైపు తిరిగాడు.

"వచ్చే శనివారం రేవు ప్రారంభం. రాయి పంపుతున్న. ఫొటోలకు అడ్డమొస్తది, ఆ పడవ తీసెయ్యి."