కామెంటు హాజరు

కోటగుట్ట మున్సిపల్ చైర్మన్ తిమ్మప్ప గారు సొంత బ్లాగు ప్రారంభించిన శుభవార్త పంప్‌హౌస్ గోడకు కట్టిన ఫ్లెక్సీ ద్వారా ప్రజలకు తెలిసింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ బ్లాగున్న చైర్మన్ ఆయనొక్కరేనని అందులో ఉంది. ఎవరూ కాదనలేదు.

ఆ ఫ్లెక్సీని అర్షియా రెండుసార్లు శ్రద్ధగా చదివింది. నల్లా నీళ్ల వేళలు రాసే బోర్డు దాని వెనకాల ఉండిపోయింది మరి.

బ్లాగు పేరు 'తిమ్మప్ప తలపులు'. మొదటి టపా 'నేను పొద్దున్నే లేస్తాను'. రెండోది 'లేచాక నేనేం ఆలోచిస్తాను'. బీకాం చదివి పదేళ్లుగా ఇల్లు నడుపుతున్న అర్షియా రెండూ చదివింది. లేచాక ఆయన నీళ్ల గురించి ఆలోచించినట్టు ఎక్కడా కనిపించలేదు.

అర్షియా ఇంటి పక్క గదిలో నవీన్ అద్దెకుంటాడు. చైర్మన్ గారి డిజిటల్ ఆఫీసర్. నెల తిరగ్గానే బ్లాగు అభివృద్ధి మీద జరిగిన సమీక్షా సమావేశం వివరాలు పిట్టగోడ మీదుగా అతనే చెప్పాడు.

"బౌన్స్ రేటు ఎక్కువుంది సార్ అన్న అక్కా. అంటే ఏంది అన్నడు. వచ్చినోళ్లు నాలుగు సెకన్లల్ల వెళ్లిపోతున్నరు సార్ అన్న."

"కోప్పడ్డడా?"

"సంబురపడ్డడు! ఆఫీసుకొచ్చినోళ్లు నాలుగు గంటలైనా కదుల్తలేరు, బ్లాగుల నాలుగు సెకన్లల్ల పని అయిపోతున్నది అన్నడు."

అయినా కామెంట్లు లేవన్న సంగతి ఆయన్ని బాధించింది. గొప్ప పరిపాలకులు బాధను లోపల దాచుకోరు, సర్క్యులర్‌గా జారీ చేస్తారు. సోమవారం నుంచి ఆఫీసులో హాజరు పట్టీ రద్దు. ప్రతి ఉద్యోగీ తొమ్మిదిలోపు ఆ రోజు టపా కింద ఐదు మాటలకు తగ్గకుండా కామెంటు పెట్టాలి. అదే హాజరు. 'సూపర్ సార్' అన్న రెండు మాటలకు అర రోజు మాత్రమే.

సోమవారం తొమ్మిదికల్లా నూటపన్నెండు కామెంట్లు పడ్డాయి. పది గంటలకు ఆఫీసులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కాగితాలు లేని పాలనలో ఇది తొలి అడుగని చైర్మన్ గారు రాశారు. నిజానికి ఆయన ఇంకో అడుగు ముందే ఉన్నారు, మనుషులు కూడా లేరు.

శనివారానికి గల్లీలో నల్లా మూగబోయి ఆరు రోజులైంది. అర్షియా అత్త చాంద్‌బీ ఖాళీ డ్రమ్ము మీద వేలితో కొట్టి చూసింది.

"మోగుతున్నది బేటీ. వచ్చే శుక్రవారం మన నస్రీన్ మంగ్నీ. కల్వకుర్తి నుంచి నలభై మంది వస్తరు. వాళ్లకు చేతులు కడుక్కోను ఏమిస్తం, అత్తరు సీసానా?"

"నేను చూస్త అమ్మీ."

"చూసుడు కాదు, నీళ్లు కావాలె. ఆడబిడ్డ పెండ్లి మాట నీళ్లు లేక ఆగిందంటే నలుగుర్ల ఇజ్జత్ పోతది."

మున్సిపల్ వాహనాల విభాగంలోని ట్యాంకరు డ్రైవరు తొమ్మిదికల్లా హాజరు వేయించుకుని ఇంట్లో నిద్రపోతున్నాడు. అర్షియా వాల్వు తిప్పే ఇస్రాయేలుకు ఫోన్ చేసింది.

"యాడున్నవ్ ఇస్రాయేలూ?"

"డ్యూటీలనే ఉన్న అక్కా. అమ్రాబాద్‌ల, మా అత్తగారింట్ల. గీడ సిగ్నల్ సరిగ్గ రాదు. రోజూ గుట్టెక్కి కామెంట్ పెడ్తున్న, మోకాళ్లు పోతున్నయి."

"మరి నల్లా?"

"నల్లా సంగతి సర్క్యులర్ల లేదక్కా."

అర్షియా బ్లాగు తెరిచింది. 'మా గల్లీకి ఆరు రోజులుగా నీళ్లు లేవు' అని రాసింది. పది నిమిషాల్లో అది మాయమైంది. పిట్టగోడ మీద నవీన్ తల కనిపించింది.

"అట్ల రాయకక్కా, జర మంచిగ రాయి. నెగెటివ్ కామెంట్ ఉంటే ర్యాంకింగ్ పడిపోతది."

సోమవారం పొద్దున అర్షియా జర మంచిగానే రాసింది: 'చైర్మన్ గారి రచనలు చదువుతుంటే దాహమే గుర్తుకు రావడం లేదు.' కామెంటు పెట్టాలంటే పేరు కింద విభాగం గడి నింపక తప్పదు. తన బాధ ఏ విభాగానిదో ఆమెకు బాగా తెలుసు. 'నీటి సరఫరా' అని నొక్కింది.

మంగళవారం 'మీ భావాలు రోజూ ఎడతెగక ప్రవహిస్తున్నాయి' అని రాసింది. బుధవారం 'మీ కలం ఒక్క రోజైనా ఎండిపోలేదు' అంది. ఈ మూడూ చైర్మన్ గారు ఇంట్లో భార్య రేణుకమ్మకు గట్టిగా చదివి వినిపించారు. సరిగ్గా ఆ మంగళ, బుధవారాలు రెండూ అమ్రాబాద్‌లో ముసురు పట్టి ఇస్రాయేలు గుట్ట ఎక్కలేకపోయాడు.

గురువారం నవీన్ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మేడం, పదకొండుకు సన్మానం. తయారయి రండి."

నిన్నటిదాకా అక్క. అర్షియా చెంగు సర్దుకుంది. "ఎవరికి?"

"మీకే. నీటి సరఫరా విభాగంల ఉత్తమ ఉద్యోగి మీరే. నిన్న, మొన్న ఇంకెవరూ కామెంట్ పెట్టలే."

"నేను ఉద్యోగిని కాదు గదా తమ్ముడూ!"

"రికార్డుల ఉన్నరు మేడం. ఇప్పుడు తీసేస్తే రికార్డు తప్పయితది."

సభలో చైర్మన్ గారు శాలువా కప్పారు. ఇలాంటి సిబ్బంది ఉండగా ఊరికి కొరత ఏమిటన్నారు. రెండు రోజులు గైర్హాజరైన ఇస్రాయేలును బ్లాగు విభాగానికి మార్చి, అతని బాధ్యతలు ఉత్తమ ఉద్యోగికి అప్పగించారు. హడావిడిగా బస్సు దిగి వచ్చిన ఇస్రాయేలు, వాల్వు తిప్పే ఇనుప చావిని రెండు చేతులతో ఎత్తి అందించాడు.

"ఎడమకు మూడు తిప్పులక్కా," అన్నాడు చెవిలో. "మూడోది మొండికేస్తది, బలం పెట్టాలె."

అర్షియా బ్లాగుకు ధన్యవాదాలు చెప్పి చావి భుజాన వేసుకుంది.

శుక్రవారం తెల్లవారగానే ఆమె పంప్‌హౌస్‌కు వెళ్లింది. మూడో తిప్పు నిజంగానే మొండికేసింది. ఆమె భర్త సాబిర్ కూడా ఓ చెయ్యి వేశాడు. ఊరంతా నల్లాలు ముందు గాలి ఊది, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత తెల్లగా పారాయి. చాంద్‌బీ డ్రమ్ములు నింపి, దేగిశాలు నింపి, ఆఖరికి నస్రీన్ కాటుక డబ్బీ కూడా కడిగింది.

తొమ్మిదిన్నరకు నవీన్ చైర్మన్ గారింటి నుంచి ఫోన్ చేశాడు. వెనకాల చైర్మన్ గారి గొంతు వినిపిస్తోంది.

"మేడం, పరేషానయింది. ఇయ్యాల ఒక్క కామెంట్ పడలే. సున్నా! స్టాఫ్‌కు ఫోన్ చేస్తే అందరూ నీళ్లు పట్టుకుంటున్నం అంటున్నరు. బ్లాగుకు ట్రాఫిక్ లేస్తదేమో, జర గంట సేపు వాల్వు బంద్ పెట్టుమంటున్నరు సార్."

"నేనెట్ల పెడ్త తమ్ముడూ? ఇయ్యాల మాయింట్ల మంగ్నీ. నేను కామెంట్ పెట్టలే. డ్యూటీల లేను."

"ఇంకెవరున్నరు డ్యూటీల? చూడు!" చైర్మన్ గారి గొంతు లేచింది.

నవీన్ వెతుకుతున్నట్టున్నాడు. అవతల ఎక్కడో రేణుకమ్మ నల్లా కింద బిందె మార్చే చప్పుడు వినిపించింది.

"ఎవ్వరూ లేరు సార్," అన్నాడు చివరికి. "మీరు గూడ కామెంట్ పెట్టలే."