ఆసుపత్రిలో ఉండిపోయిన కడుపు

సుంకులమ్మ కడుపును ఆసుపత్రిలోనే ఉంచుకొని, మిగతా సుంకులమ్మను ఇంటికి పంపించారు.

కారణం సబబైనదే. ఆమె కడుపు లోపలి పొర మీద కేన్సర్ గడ్డలూ, గొర్రెల మందల్లో తిరిగే కుక్కల నుంచి వచ్చే పురుగు తిత్తులూ పక్కపక్కనే కనిపించాయి. పురుగు బతికుండగా తాము మందు ఎక్కించలేమన్నారు కేన్సర్ విభాగం వాళ్ళు. కేన్సర్ ఉన్న చోట తాము చెయ్యి పెట్టకూడదన్నారు పురుగుల విభాగం వాళ్ళు. ముందు ఎవరన్నది తేలేదాకా మనిషికి మంచం దండగ కనుక, పెద్ద డాక్టరు కడుపును మాత్రం చల్లగదిలో పెట్టించారు.

ఇంటికొచ్చాక సుంకులమ్మకు నొప్పి లేదు. ఆకలీ లేదు. భర్త బీరప్ప గొర్రెలు తోలుకొచ్చి, జొన్నరొట్టె చేసుకొని తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది.

"ఆకలి ఎట్లుంటాది? నాకు గ్యాపకం రాలే," అందొక రోజు.

బీరప్ప నమలడం ఆపాడు. "మధ్యాన్నం గుట్ట మీద ఉంటాను గదా. నువ్వు సద్ది తెస్తావని దావ పక్కే సూస్తాంటాను. అట్లుంటాది."

ఆమెకు ఏడుపొచ్చింది. మరునాడే ఆసుపత్రికి వెళ్ళింది.

"నొప్పితోనే నా కడుపు ఇచ్చేయండి సార్. ఆ గడ్డలకూ పురుగులకూ నాకూ కలిపి ఇంత వండుకుంటా."

"విభాగాల మధ్య ఇంకా తేలలేదమ్మా," అన్నారు డాక్టరు. "లోపల ఆ రెండింటికీ మాత్రం ఏ పేచీ లేదు. బాగా పెరుగుతున్నాయి."

చూసిపొమ్మని అనుమతి ఇచ్చారు. ఆమె చల్లగది తలుపుకు చెవి ఆనించింది. లోపల కడుపు గురగురమంటోంది. అన్నం వేళయిందని దానికి తెలుసు. బయట నిలబడ్డ మనిషికే తెలియలేదు.

కడుపు లేని మనిషికి బియ్యమెందుకని రేషన్ డీలరు ఆమె వాటా ఆపేశాడు. అది అన్యాయమని ఊళ్ళో ఎవరూ అనలేదు. ఆ ఏడు వానల్లేక పనులు దొరకనివాళ్ళు ఒకరొకరే వచ్చి ఆసుపత్రి సంగతులు అడగసాగారు.

"రోగం లేకున్నా కడుపు పెట్టుకుంటారా అక్కా?" అంది పక్కింటి ఉరుకుందమ్మ. "మా పిల్లోళ్ళయి గూడా."

"అడిగి సూడు. గది పెద్దదే." సుంకులమ్మ ఏ బస్సెక్కాలో కూడా చెప్పింది. "పరగడుపున రమ్మంటారు. నేనట్లే పోతి. నువ్వు ఆ మాట ఇనొద్దు. పిల్లోళ్ళకు కడుపు నిండా పెట్టి తీస్కపో."

ఉరుకుందమ్మ తలూపి, ఇంట్లో ఏమున్నాయో చూడటానికి వెళ్ళింది.