గొడుగుల కొట్టు తడిసిన రోజు

ఆ రోజుకి బుల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున బొమ్మ సాపు చెయ్యడం, మధ్యాహ్నానికి చట్రంలో బిగించడం, సాయంత్రం బాబాయి చేతిలో పెట్టడం. ఇంత చిన్న పథకం చెడడానికి ఇంట్లో ఒక్క మంచివాడుంటే చాలు. ఆ రోజు ముగ్గురున్నారు.

బుల్లి అంటే చిన్నపిల్లేమీ కాదు. యాభై దాటినా ఇంట్లోవాళ్ళకి బుల్లే. నీటిరంగులతో బొమ్మలు వేస్తుంది. వంటింటి కిటికీ పక్కన బల్ల, దాని మీద రెండు గ్లాసులు. ఒకటి కుంచెలు కడగడానికి, ఒకటి టీ తాగడానికి. ఏది ఏదో తాగేదాకా ఆమెకే తెలియదు.

ఈసారి వేసింది బాబాయి గొడుగుల కొట్టు. అది మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చిన్నప్పుడు బడి విడవగానే బుల్లి అక్కడికే పరిగెత్తేది. బాబాయి విరిగిన ఊచలు సరిచేస్తూ ఉండేవాడు. పైకప్పుకి విప్పిన గొడుగులు వేలాడేవి. సాయంత్రపు ఎండ వాటిలోంచి దిగి నేల మీద పరుచుకునేది. ఎర్ర గొడుగు కింద చెయ్యి పెడితే చెయ్యి ఎర్రబడేది, నీలం దాని కింద పెడితే దెబ్బ తగిలి కమిలినట్టుండేది. రెంటికీ మధ్య పెడితే ఏ పెట్టెలోనూ దొరకని రంగొకటి వేళ్ళ మీద వాలేది. రంగు మీద రంగు వేసినా కింది రంగు ఊపిరి ఆడాలని ఆమెకు గురువులెవరూ చెప్పలేదు. ఆ నేలే చెప్పింది.

అందుకే ఈ బొమ్మకి చాలా రోజులు పట్టింది. ఒక పూత ఎండితే గాని రెండోది వెయ్యకూడదు. నేల మీద ఎండపట్టీ కోసం కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి. నీటిరంగుల్లో తెలుపు వేసేది కాదు, కాపాడుకునేది. అంతా అయ్యాక కాగితం అలలు తేలింది. దానికి బుల్లి దగ్గరొక వైద్యం ఉంది. ముందుగదిలో చెక్కమంచం మీద తెల్లకాగితం పరిచి, బొమ్మను దాని మీద బోర్లా పడుకోబెట్టి, వీపుకి తడి అద్ది, పిండిన తడి తువ్వాలు కప్పి, పైన పలచటి బొంత పరిచి, ఇంట్లో ఉన్న లావుపాటి పుస్తకాలన్నీ దాని మీద పేర్చింది.

ఈ సంగతి మొగుడికి చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. బాబాయి గుమ్మం ఎక్కకముందే "మీ కొట్టు బొమ్మ లోపల ఆరుతోందండీ" అని ఎదురెళ్ళి చెప్పగల మనిషి. బాబాయి డెబ్బై అయిదో పుట్టినరోజు కానుక సాయంత్రం దాకా రహస్యంగా ఉండాలంటే మొగుడికి కూడా అది రహస్యంగానే ఉండాలి. "ఇప్పుడే వస్తా" అని చట్రం కోసం బజారుకి వెళ్ళింది.

ఆ తర్వాత జరిగినదంతా ఆమె ముగ్గురి నోటా ముక్కలు ముక్కలుగా విని అతికించుకున్నదే.

ఆమె అటు వెళ్ళగానే బాబాయీ పిన్నీ ఇటు దిగారు.

"అదేంటి బాబాయిగారూ, సాయంత్రం కదా అన్నారు?"

"సాయంత్రం బస్సు తప్పిపోతేనో అల్లుడూ? అందుకే పొద్దుటిది ఎక్కేశాం."

ప్రయాణానికి బాబాయి వడిలిపోయి ఉన్నాడు. పడుకోబెడదామంటే మంచం నిండా పుస్తకాలు. "ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తుంది మా ఆవిడ" అంటూ అల్లుడు వాటిని దించేసి, బొంత మీద ఇస్త్రీ దుప్పటి పరిచి, పక్కన కూజాతో నీళ్ళు కూడా పెట్టాడు. మంచితనంలో ఆయన లోటు చెయ్యడు. బాబాయి పడుకోగానే గుర్రు పెట్టాడు.

మెలకువ వచ్చేసరికి వెనక చల్లగా ఉంది. చేత్తో తడిమి చూసుకున్నాడు. పైజమా తడి! ఊరందరినీ తడవకుండా కాపాడిన మనిషికి పుట్టినరోజు నాడు, పట్టపగలు, అల్లుడి ఇంట్లో ఇదేం ఖర్మ? వంటింట్లోంచి పిన్ని నవ్వులు వినిపిస్తున్నాయి. బాబాయి చూపు కూజా మీద పడింది. కొంచెం ఒలకబోస్తే అనుమానం వస్తుందని మొత్తం కుమ్మరించాడు.

"అయ్యో, కూజా దొర్లిందర్రా!"

అల్లుడు పరిగెత్తుకొచ్చి, "నీళ్ళే కదండీ, ఏముంది" అంటూ బొంతా దుప్పటీ ఎత్తుకుపోయి బాల్కనీలో ఆరేశాడు. అప్పుడు బాబాయి కంటపడింది, బొంత కింద ఒద్దికగా పరిచిన తువ్వాలు. పసిపిల్లల పక్కలో తప్ప అలా ఎవరూ వెయ్యరు. అంటే వీళ్ళకి ముందే తెలుసు! ముందే తెలిసి ఏర్పాట్లు చేశారు!

పిన్ని లోపలికి రాగానే తలుపు దగ్గరకి వేశాడు. "ఏమే, నా సంగతి వీళ్ళకి చెప్పావా?"

పిన్నికి తెలిసినంత వరకు ఆయన సంగతంటే ఒక్కటే, డాక్టరు వద్దన్నా చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టడం.

"చెప్పకపోతే ఎలా? వాళ్ళ జాగ్రత్తలో వాళ్ళుండొద్దూ?"

"ఎప్పట్నించీ సాగుతోందిది?"

"ఏమీ తెలీనట్టు అడుగుతారేం? ఏళ్ళ తరబడి! రాత్రిళ్ళు కూడా."

"రాత్రిళ్ళు కూడానా?"

"మరి పొద్దున్నే లేచి తుడుస్తున్నది ఎవరనుకున్నారు? చీమలు బారులు కట్టేస్తుంటే!"

బాబాయి మూలనున్న సంచి అందుకున్నాడు.

తలుపవతల ఆ మాటలు విన్న అల్లుడు అంతా అర్థం చేసుకున్నాడు. అర్థం చేసుకునే మనిషి ఊరికే కూర్చోడు కదా, రబ్బరు షీటు కొనడానికి మందుల షాపుకి బయల్దేరాడు. మెట్ల మీద చట్రం పట్టుకుని వస్తున్న బుల్లి ఎదురైంది. ఆమె అప్పటికే బాల్కనీలో నీళ్ళు కారుతున్న బొంతను చూసింది.

"బొంత ఎవరు తీశారండీ?"

"ష్! బాబాయి ముందు బొంత మాటెత్తకు. పాపం, వయసు. నిద్రలోనే అంతా అయిపోతోందట."

"దాని కింద నా..."

"కింద రబ్బరు షీటు వేద్దాంలే. నేను తెస్తాగా, నువ్వు మామూలుగా ఉండు" అని ఆయన దిగిపోయాడు.

లోపల బాబాయి వేరే బట్టలు కట్టుకుని, చెప్పులు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"వెళ్ళొస్తానే బుల్లీ."

"ఇప్పుడేగా వచ్చారు బాబాయ్!"

"ఇక ఎవరింటికీ రానమ్మా. చూడాలనిపిస్తే మీరే రండి. మీ ఇంట్లో పరుపులైనా బాగుంటాయి."

ఆ ఆఖరి మాట నవ్వుతూ అందామనుకున్నాడు, సంచి వైపు చూస్తూ అన్నాడు. బుల్లికి అంతా తెలిసింది. నిజం చెప్పకుండా ఎలాగో ఆపితే బొమ్మని చాటుగా బాగుచేసుకోవచ్చేమో. కానీ సాయంత్రం దాకా ఈ మనిషి ఇలాగే కూర్చోవాలి. ఆమె మంచం దగ్గరికి వెళ్ళి తువ్వాలు లాగేసింది.

"ఈ తడి నాది బాబాయ్. బొమ్మ సాపు చెయ్యడానికి తువ్వాలు తడిపి కప్పాను. మీ ఒంటి బరువుకి పైకి ఊరింది."

కాగితాన్ని తిప్పి చూపించింది. కూజాడు నీళ్ళు కొట్టులోకి వచ్చేశాయి. ఎర్రగొడుగు నీలంలోకి, నీలం పసుపులోకి, అన్నీ కలిసి గోడల్లోకి పారాయి. అన్ని రోజులు కాపాడుకున్న ఎండపట్టీలో ఊదారంగు మడుగు కట్టింది. బుల్లి చూపు తిప్పుకుంది.

బాబాయి బొమ్మను చూడలేదు. తువ్వాలు అందుకుని, పిండి, వాసన చూశాడు.

"రంగు వాసనే! అయితే నాది కాదన్నమాట!"

"కాదు."

"మరి రాత్రిళ్ళు చీమలు?"

"అది చక్కెరండీ, డబ్బా ఒలకబోస్తారు కదా మీరు!" అంది పిన్ని. ఆవిడకి అప్పుడు అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది.

నవ్వులు సద్దుమణిగాక బాబాయి బొమ్మను వెలుగుకి పట్టి చాలాసేపు చూశాడు.

"మన కొట్టు కదే ఇది. నాలుగింటప్పుడు నేలంతా అచ్చం ఇలాగే ఉండేది. ఏ రంగు ఏ గొడుగుదో తెలిసేది కాదు. నువ్వు మధ్యలో కూర్చుని అరచేతులు తిప్పి తిప్పి చూసుకునేదానివి. ఏం చూస్తుందో ఈ పిచ్చిది అనుకునేవాణ్ణి."

"ఇంకోటి వేసిస్తా బాబాయ్. ఇది పాడైపోయింది."

"పాడవడమేంటి! నా పరువుకి సాక్ష్యమే ఇది. కొత్త దానిలో ఈ మరకలుంటాయా?" అని చట్రం లాక్కుని తనే బిగించడం మొదలుపెట్టాడు. అప్పుడే రబ్బరు షీటుతో వచ్చిన అల్లుడికి, దాన్ని ఎందుకు తెచ్చాడో చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆ బొమ్మ ఇప్పుడు బాబాయి ముందుగదిలో, ఎవరొచ్చినా ముందు కనబడే గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళకి ఆయన ముందు తడి సంగతి చెప్పి, తర్వాత కొట్టు సంగతి చెప్పి, ఆ తర్వాతే కూర్చోమంటాడు. బుల్లి ఇన్నేళ్ళలో వేసిన బొమ్మల్లో ఇంతమంది ఇంత శ్రద్ధగా చూసింది ఇదొక్కటే, అదీ గొడుగులెక్కడున్నాయో వెతకడానికి.