రెక్కల తనిఖీ

మానవుడికి ఎగరాలనే కోరిక ఎప్పుడు పుట్టిందో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు గానీ, ఆ కోరికకు మూడు జిరాక్సులు జతచేయాలని ప్రభుత్వం ఎప్పుడో తేల్చేసింది. ఆ ముందుచూపుతోనే వ్యక్తిగత గగనవిహార విభాగం ఏర్పడింది. సిబ్బంది పద్నాలుగు మంది. ఇరవై రెండేళ్లలో ఒక్క దరఖాస్తూ రాలేదు. (పెండింగు ఫైళ్లు లేని ఏకైక విభాగంగా ఏటా దానికి ప్రశంసాపత్రం ఇస్తారు.)

ఆ ప్రశాంతతను చెడగొట్టినవాడు గొడుగులు బాగుచేసే ఒక పెద్దాయన. జనం మళ్లీ వచ్చి తీసుకెళ్లని గొడుగుల ఊచలతో, నల్లగుడ్డతో పదకొండేళ్లు తంటాలుపడి రెండు రెక్కలు కట్టాడు. కుట్టుపని భార్యది. ఒక ఆదివారం ఉదయం డాబా మీంచి లేచి, ఎదురింటి నీళ్లట్యాంకు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, ఆరేసిన దుప్పట్లలోకి వచ్చి పడ్డాడు. దెబ్బ తగిలిందా అని భార్య అడగలేదు.

"ఎలా ఉంది?" అంది.

ఇద్దరూ చెరో దుప్పటి కొస పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడే నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా మళ్లీ ఎగిరితే రెక్కలు స్వాధీనం చేసుకుంటారట. అప్పటికే ఆయన కుడి భుజం కీలు అరిగిపోయింది. ఆరు నెలలు దాటితే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పేశాడు. దంపతులిద్దరూ ఆఫీసుకు పరుగెత్తారు.

"ఎగిరిన అనుభవం ఉందా?" గుమాస్తా అడిగాడు.

"ఉందండీ. మొన్న ఆదివారమే."

"అది నేరమండీ. లేదని చెప్పండి."

"సరే, లేదండీ."

"అనుభవం లేనివాళ్లకి అనుమతి ఇవ్వకూడదే!"

భార్య ముందుకొచ్చింది. "బాబూ, ఏదో ఒకటి నువ్వే రాసెయ్యి. మీ రూల్సు తెమిలేదాకా ఈయన భుజం ఆగదు."

గుమాస్తా చెడ్డవాడు కాదు. 'వర్తించదు' అని రాశాడు.

ఆ తర్వాత తమకు అభ్యంతరం లేదని మూడు శాఖలు రాసివ్వాల్సి వచ్చింది. ఇద్దరు అధికారులు సెలవులో ఉన్నారు. ఒకాయన, ఎగిరేటప్పుడు కుడివైపు వెళ్లాలా ఎడమవైపు వెళ్లాలా అన్న సందేహాన్ని పై అధికారులకు నివేదించాడు. (అది ఇంకా పైనే ఉంది.) ఐదు నెలలు గడిచాయి. పెద్దాయన తల ఇప్పుడు భార్యే దువ్వుతోంది.

చివరికి తనిఖీకి ముగ్గురు డాబా మీదికి వచ్చారు. అధికారి కుర్చీలో కూర్చున్నాడు. కొలతల ఉద్యోగి టేపుతో పిట్టగోడ కొలుస్తున్నాడు. గుమాస్తా ఫారం విప్పాడు.

"గాలి బాగుంది. ఇప్పుడే ఎగరాలండీ," అన్నాడు పెద్దాయన.

"ఆగండి. ఇంకా ఆరో కాలమ్‌లోనే ఉన్నాం," అన్నాడు అధికారి తలెత్తకుండా.

భార్య మొగుడి ముఖం చూసింది. రెక్కల పట్టీలు గట్టిగా బిగించింది.

"వెళ్లండి," అంది మెల్లగా.

ఆయన వెళ్లాడు. ట్యాంకు దాటాడు, బజారు దాటాడు. కింద బండ్లన్నీ ఆగిపోయాయి. ఎవరో ఈల వేశారు. గుమాస్తా ఒక్కడే తలెత్తి, నోరు తెరిచి ఉండిపోయాడు.

"సార్... పైన..."

"ముందు కాలమ్ నింపవయ్యా!"

"అదుగోనండీ మా ఆయన! ఒక్కసారి చూడండి!" భార్య ఆకాశంలోకి చూపించింది.

"మా పరిధి పిట్టగోడ వరకేనమ్మా," అన్నాడు అధికారి మర్యాదగా. ముగ్గురూ సంతకాలు చేసి మెట్లు దిగారు.

పెద్దాయన అరగంటకు నాలుగు వీధుల అవతల దిగి, నడిచి ఇంటికొచ్చాడు. కుడి చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. భార్య అన్నం కలిపి తినిపిస్తుంటే, పై నుంచి చూసినవన్నీ పొద్దుపోయేదాకా చెబుతూనే ఉన్నాడు.

వారంలో ఉత్తర్వు వచ్చింది: "తనిఖీ సమయంలో దరఖాస్తుదారు ఇచ్చిన చిరునామాలో లేనందున అనుమతి నిరాకరించడమైనది."