మాస్టారు కుర్చీలోంచి లేచారు

ఆ రోజు ఏసీ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కూతుర్ని బండి మీద ఎక్కించుకుని అంచనాల మాస్టారి ఆఫీసుకు వెళ్ళాలి. ఆ పెద్ద విశ్వవిద్యాలయంలో పిల్లకు సీటు వచ్చే అవకాశం ఎంతో కనుక్కోవాలి. భోజనాల వేళకు ఇంటికి వచ్చేయాలి. దరఖాస్తు పంపడానికి ఆ సాయంత్రమే ఆఖరు గడువు. అందుకని దుకాణంలో సెలవు చెప్పి, పనిముట్ల సంచి ఇంట్లోనే వదిలేసి బయల్దేరాడు. ఆ సంచి భుజాన లేకపోతే అతనికి చెప్పులు వేసుకోవడం మరిచిపోయినట్టుగా ఉంటుంది.

కూతురికి మంచు గురించి చదవాలని పట్టుదల. కొండల మీద మంచు ఎలా పేరుకుంటుంది, ఎందుకు కరుగుతుంది, కరిగితే కింద ఉన్న ఊళ్ళ గతి ఏమిటి అన్నది ఆ చదువు. దాన్ని నేర్పే చోట్లే తక్కువ. అందులో ఈ పిల్ల మనసు పడ్డ చోట వేలమంది దరఖాస్తు పెడితే ఒక చిన్న తరగతి గదికి సరిపడా మందిని తీసుకుంటారు. "మంచు గురించి చదవడానికి ఏముందే? ఫ్రిజ్ తలుపు తీస్తే కనపడదూ?" అని తండ్రి మొదట్లో నవ్వాడు. పిల్ల గోడకు అంటించిన మంచు కొండల బొమ్మలు చూసి చూసి తర్వాత తనూ ఆ పిచ్చిలో పడ్డాడు. ఇప్పుడు ఆ సీటు కూతురి కన్నా అతనికే ఎక్కువ కావాలి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే దిష్టి తగులుతుందని భయం.

ఇక అంచనాల మాస్టారి సంగతి. ఆయన ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేవారు. ఇప్పుడు ఏ పిల్లకు ఏ విశ్వవిద్యాలయంలో సీటు వస్తుందో, ఏ పిల్లాడికి రాదో అంచనా వేసి చెబుతున్నారు. మార్కులు చూస్తారు, వ్యాసం చదువుతారు, టీచర్లు రాసిచ్చిన సిఫార్సులు తిరగేస్తారు, ఆ తర్వాత ఒక మాట అంటారు. ఆ మాట ఇంతవరకూ పెద్దగా తప్పలేదు. ఆయనతో ఉన్న చిక్కల్లా ఒకటే. శత్రువుకైనా చెడ్డ వార్త చెప్పలేని మెత్తని మనిషి. అవకాశం బాగుంటే తన తిరిగే కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ ఉత్సాహంగా మాట్లాడతారు. అవకాశం లేదంటే మాత్రం గొంతు పెగలదు. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సోఫాలో ఆ తండ్రి పక్కనే కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, "పిల్లవాడు చాలా తెలివైనవాడండీ" అని మొదలుపెడతారు.

తల్లిదండ్రులు ఈ లెక్క ఎప్పుడో కనిపెట్టేశారు. "మాస్టారు కుర్చీలోంచి లేచారట" అంటే చాలు, ఊళ్ళో ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. అయ్యో అనుకుని ఆ పూట ఆ ఇంటికి ఫోన్ చెయ్యడం మానేస్తారు. ఈ సంగతి తెలియనిది ఒక్క మాస్టారికే.

ఆ పొద్దున్న ఆయన పిల్లని గది బయట కూర్చోమని, ఆమె కాగితాలు చదువుతుంటే ముఖమంతా వెలిగిపోయింది. వ్యాసం రెండోసారి చదువుతుండగా, సరిగ్గా నెత్తిన ఉన్న ఏసీ లోంచి ఒక చుక్క రాలి బట్టతల మీద పడింది. ఆయన తుడుచుకున్నారు. రెండోది చెవి మీద పడింది. ఓర్చుకున్నారు. మూడోది కాలర్‌లోంచి వీపు మీదికి చల్లగా జారేసరికి ఇక ఆగలేకపోయారు. ఒక పిల్ల భవిష్యత్తు మాట్లాడుతూ మధ్యలో నీళ్ళ గోల ఎందుకులే అని, ఏమీ అనకుండా లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి మెకానిక్ పక్కన కూర్చున్నారు. సోఫా ఆ వైపున బాగా కుంగిపోయి ఉంది. ఒరిగిపోకుండా ఆసరాకి అతని భుజం పట్టుకున్నారు.

"మీ అమ్మాయి చాలా తెలివైనదండీ," అన్నారు.

మెకానిక్‌కి ఆ తర్వాత ఒక్క ముక్క చెవికెక్కలేదు. మాస్టారి పెదాలు కదులుతున్నాయి, చేతులు గాల్లో ఏవో కొండలు గీస్తున్నాయి. తన చెవుల్లో మాత్రం గాలిమర తిరుగుతున్నట్టు హోరు. కాసేపటికి లేచి నిలబడి చేతులు జోడించాడు.

"చాలు మాస్టారూ. మాకు అర్థమైంది. మీరు ఇంక శ్రమ పడకండి."

బయటికి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుని నడిచాడు. ఎంత మంచి మనుషులు, ఎక్కువ సాగదియ్యరు అనుకున్నారు మాస్టారు. గాజు తలుపు అవతల వంతు కోసం కూర్చున్న తల్లిదండ్రులు మాత్రం ఇదంతా కళ్ళారా చూశారు. బళ్ళో ఎప్పుడూ మొదటి స్థానం వదలని పిల్ల ఆమె. ఆ పిల్లకే మాస్టారు లేచారు.

ఇంటి గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది.

"ఏమన్నారండీ?"

"లేచారు."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "పూర్తిగా లేచారా?"

"లేచి వచ్చి పక్కన కూర్చున్నారు."

"భుజం మీద చెయ్యి...?"

"గట్టిగా పట్టుకున్నారు."

"అయ్యో, గట్టిగా కూడానా!" అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కూతురు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తండ్రి తలుపు బయట నిలబడి, గొంతు సవరించుకుని, దారి పొడుగునా కూర్చుకున్న మాటలు చెప్పాడు. "చూడు తల్లీ, ఆ దరఖాస్తు పంపొద్దు. లేని ఆశ పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూసి, చివరికి లేదంటే నువ్వు తట్టుకోలేవు." తట్టుకోలేనిది ఎవరో అతనికి తెలుసు. అయినా అలాగే అన్నాడు.

"సరే నాన్నా," అంది లోపలి గొంతు.

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా సరే అన్నది లేదు. "ఏడిస్తే బాగుండునండీ," అని తల్లి గుసగుసలాడింది.

కబురు అందుకుని మేనమామ దుకాణం కట్టేసి వచ్చాడు. టైర్ల వ్యాపారం చేస్తాడు, కష్టాల్లో ఉన్నవాళ్ళకి సలహాలు చెప్పడమంటే ప్రాణం. చెప్పులు విప్పుతూనే అందుకున్నాడు.

"బావా, దిగులు పడకు. మా స్నేహితుడు ఒకడు కొత్తగా కాలేజీ పెట్టాడు. వ్యాపార నిర్వహణ. సీటు ఖాయం. హామీ నాది."

"అక్కడ ఎవరైనా చేరారా?" అడిగాడు మెకానిక్.

"ఎవరూ చేరలేదు కాబట్టే కదా హామీ ఇస్తున్నాను!"

"మంచు గురించి చదవాలన్న పిల్లని వ్యాపారంలో వేస్తావేంట్రా?" అంది అక్క.

"మంచు కూడా అమ్ముకోవచ్చక్కా, నేర్చుకుంటే."

ఆమె పట్టరాని కోపంతో తమ్ముణ్ణి చూసింది. ఆ చూపు అందుకునే తీరిక అతనికి లేదు, అప్పటికే ఫోన్‌లో స్నేహితుడితో మాట్లాడుతున్నాడు. సీటు కావాలంటే సాయంత్రంలోగా మాట ఇవ్వాలట. మేనమామ వెళ్ళి గది తలుపు తట్టి సంగతి చెప్పాడు. "సరే మావయ్యా," అంది లోపలి గొంతు. దాంతో ఇల్లంతా ఇంకా బెంగపడిపోయింది. పక్కవాటా ఆవిడ వచ్చి పరామర్శించి, తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఇంతలో మెకానిక్ పనిచేసే దుకాణం యజమాని ఫోన్ చేశాడు. "సెలవని తెలుసు. కానీ దగ్గర్లో ఉన్నది నువ్వే. ఆ అంచనాల మాస్టారి ఆఫీసులో ఏసీ కారుతోందట. రిసెప్షన్ అమ్మాయి ఒకటే గోల పెడుతోంది."

"ఇంకెవరినైనా పంపండి సార్. ఆ గడప మళ్ళీ తొక్కలేను."

భార్య పనిముట్ల సంచి తెచ్చి అతని భుజాన తగిలించింది. "వెళ్ళండి. ఇక్కడ కూర్చుని ఆ తలుపుకేసి చూస్తుంటే మీకేమైనా అవుతుంది."

ఆఫీసు దగ్గర చూస్తే జాతర లాగా ఉంది. ఆ పిల్లకే దిక్కులేదంటే మన పిల్లల సంగతేమిటని పొద్దున్న చూసినవాళ్ళు ఇంకొకరికి చెప్పారు. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. మధ్యాహ్నానికి ఆ విశ్వవిద్యాలయం ఈ ఏడు ఎవరినీ తీసుకోవడం లేదని తేలింది. ఇంకాసేపటికి దాన్ని మూసేశారని తేలింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఇక్కడ నీళ్ళు కారితేనే వచ్చింది. గదినిండా తల్లిదండ్రులు. మధ్యలో మాస్టారు దిక్కుతోచక నిలబడి ఉన్నారు. ఆయన కుర్చీలో ఇప్పుడు బకెట్ కూర్చుని ఉంది.

"మా వాడి సంగతి చెప్పండి మాస్టారూ!" అన్నాడు ఒక పెద్దమనిషి.

"చెప్తానండీ, ఇలా కూర్చోండి," అంటూ మాస్టారు సోఫా వైపు నడిచారు.

పెద్దమనిషి చటుక్కున గోడకు జారబడ్డాడు. "వద్దు వద్దు! మీరు అక్కడే ఉండండి. కుర్చీలో కూర్చుని చెప్పండి!"

"కుర్చీలో ఎలా కూర్చోనండీ? పోనీ నేనే మీ దగ్గరికి..."

"దగ్గరికి రాకండి సార్, మీకు పుణ్యం ఉంటుంది!"

మాస్టారు ఒక తల్లి వైపు తిరిగారు. ఆవిడ కొడుకుని వెనక్కి లాక్కుని బీరువా చాటుకు తప్పుకుంది. ఆయన ఎటు అడుగు వేస్తే అటు జనం చీలిపోతున్నారు. జీవితమంతా అందరి మంచీ కోరిన మనిషికి తనను చూసి అందరూ ఎందుకు పారిపోతున్నారో అర్థం కాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మెకానిక్ నిచ్చెన పట్టుకుని లోపలికి రాగానే అందరూ గౌరవంగా దారి ఇచ్చారు. "పాపం, ఆయనే," అని ఎవరో అన్నారు. అతను ఎవరి ముఖమూ చూడలేదు, మాస్టారి ముఖం అసలే చూడలేదు. బకెట్ తీసి కింద పెట్టి, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడడానికి ఆ కుర్చీలోనే కూర్చుని తల పైకెత్తాడు.

చుక్క నుదుటి మీద పడింది. తల దించాడు. రెండోది మెడ మీద పడింది. మూడోది చల్లగా వీపు మీదికి జారింది. అతను ఆలోచించనైనా లేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. కూర్చున్నాక అలాగే బిగుసుకుపోయాడు.

"మాస్టారూ," అన్నాడు నెమ్మదిగా. "ఇది ఎప్పటి నుంచి కారుతోంది?"

"పొద్దున్నుంచేనండీ. మీరు ఉన్నప్పుడే మొదలైంది."

"అందుకని లేచి నా పక్కకొచ్చారా?"

"మరి తడిసిపోతూ ఎలా కూర్చుంటానండీ?"

"నా భుజం ఎందుకు పట్టుకున్నారు?"

"సోఫా కుంగిపోయింది కదండీ, పడిపోతానని."

సగం జీవితం ఏసీల కింద గడిపిన మనిషి, ఎవరింటికి పెళ్ళిచూపులకి వెళ్ళినా ముందు గోడ మీద చెమ్మ చూసే మనిషి, కళ్ళ ముందు కారుతున్న నీళ్ళు చూడలేకపోయాడు. అంత ఆశగా మాస్టారి కుర్చీనే చూస్తూ కూర్చున్నాడు మరి. ఇప్పుడు అతను ఊళ్ళో అందరికీ తెలిసిన ఆ లెక్క మాస్టారికి విప్పి చెప్పాడు. మాస్టారు విని నోరు తెరిచేశారు.

"అయితే నేను ఇన్నాళ్ళూ చెప్పకుండానే చెప్పేస్తున్నానన్నమాట!"

"మా పిల్ల సంగతి ఇప్పుడు నోటితోనే చెప్పండి మాస్టారూ. ఏదైనా సరే."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. "అలాంటి చోట సీటు ఖాయమని చెప్పేవాడు అబద్ధాలకోరు. అర్హత ఉన్నవాళ్ళలోనే చాలామందిని కాదంటారు. కానీ నేను చూసిన పిల్లల్లో ఇంత మంచి వ్యాసం రాసినవాళ్ళు లేరు. వచ్చే అవకాశం ఉంది, నిజంగా ఉంది. పొద్దున్న మీ చెవిలో చెప్పింది ఇదేనండీ! పంపకపోతే మాత్రం రానే రాదు."

మెకానిక్ ఫోన్ తీశాడు. "తల్లీ! పంపెయ్! ఆ దరఖాస్తు ఇప్పుడే పంపెయ్! నేను తప్పు చెప్పాను, ఏసీ కారింది, తర్వాత చెప్తాను, ముందు పంపెయ్!"



"పంపేశాను నాన్నా."

"ఎప్పుడు?"

"పొద్దున్న. మీరు చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే. మాస్టారు కాదంటే మీరు పంపనివ్వరని, ముందే పంపేశాను. ఇందాక చెబితే కోప్పడతారని అందరికీ సరే సరే అంటున్నాను."

"మరి మాస్టారి దగ్గరికి ఎందుకొచ్చావే?"

"మీరు చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు కదా, పాపం అనిపించింది."

అతనికి కోపం రావాల్సింది. రాలేదు. గుండె మీద బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది. కూతురు తన మాట విననందుకు తండ్రి అంత సంతోషించడం ఆ ఇంట్లో అదే మొదలు. కళ్ళు తుడుచుకుని, ఏసీ నీళ్ళని చెప్పి, నిచ్చెనెక్కి పూడుకుపోయిన పైపు ఊది శుభ్రం చేశాడు. కింద తల్లిదండ్రులు సోఫాలో చోటు కోసం తోసుకుంటున్నారు.

సాయంత్రానికి మెకానిక్ ఇల్లు కళకళలాడిపోయింది. పరామర్శకు వచ్చిన పక్కవాటా ఆవిడ అభినందనలు చెప్పి గానీ కదల్లేదు. తల్లి స్వెటరు అల్లడానికి కూతురి భుజాల కొలత తీసుకుంది. తండ్రి అక్కడి గదుల్లో హీటరు ఎలాంటిది ఉంటుందో, చెడిపోతే ముందు ఏ స్క్రూ విప్పాలో బొమ్మ గీసి చూపిస్తున్నాడు. మేనమామ స్నేహితుడికి ఫోన్ చేసి, తన మేనకోడలి స్థాయికి అతని కాలేజీ సరిపోదని గట్టిగా చెప్పేశాడు. అందరూ స్వీట్లు తిన్నారు.

విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ దరఖాస్తు ఇంకా తెరిచి కూడా చూడలేదు.